గొంగడి కింద మెరిసిన నిప్పురవ్వ

బస్తరు ఇంకా రాజుగారి సంస్థానంగా ఉన్న రోజుల్లో నేను కొంటా దవాఖానాలో కాంపౌండరుని. మా డాక్టరుగారిది గోదావరి వైపు. ఆయన తన మోటారు సైకిలుని పడవ మీద శబరి దాటించి తెచ్చుకున్నారు. బండితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని నేను అడిగి తీసుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని మళ్ళీ మళ్ళీ చదివాను. మాగ్నెటో అనే చిన్న పెట్టెలో కరెంటు పుడుతుందనీ, అది ఒక లావుపాటి తీగ గుండా ఇంజనులోని ప్లగ్గుకి చేరి, పెట్రోలుని అంటించే నిప్పురవ్వ అవుతుందనీ తెలిసినప్పుడు ఒళ్ళు పులకరించింది. మా ఊళ్ళో అప్పటికి కరెంటు దీపమైనా లేదు.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక పొద్దున దోర్లా తెగ రైతు ఒకడు రొప్పుతూ వచ్చాడు. సుక్మా దారిలో పన్నెండు మైళ్ళ అవతల వాళ్ళ ఊరు.

"దొరా, నా ఇంటిది నిన్నటి సంది నొప్పులు పడతాంది. బిడ్డ దిగుతలేదు. నువ్వు రావాలె."

డాక్టరుగారు సంచీ సర్దుకుని బండి దగ్గరికి పరుగెత్తారు. తన్నారు. మళ్ళీ తన్నారు. ఇరవైసార్లు తన్నినా ఇంజను దగ్గనైనా దగ్గలేదు.

"ఎడ్లబండి కట్టమని చెప్పు" అన్నారు నుదురు తుడుచుకుంటూ.

ఎడ్లబండి చేరేసరికి సాయంత్రమవుతుంది. కబురు పంపేశాను కానీ మనసు ఆగలేదు.

"ఎడ్లు వచ్చేలోపు ఇంజనుని నన్ను ఒకసారి చూడనివ్వండి డాక్టరుగారూ."

ఆయన నన్ను చూశారు, రైతుని చూశారు. "కానివ్వు" అన్నారు.

ప్లగ్గు విప్పాను. పెట్రోలుతో తడిగా ఉంది. అంటే పెట్రోలు లోపలికి వస్తోంది, రానిది నిప్పే! ప్లగ్గు తుడిచి, తీగ తగిలించి, ఇంజను ఇనుముకి ఆనించి పట్టుకున్నాను. డాక్టరుగారు తన్నారు. ఆ ఎండలో రవ్వ వచ్చిందో లేదో ఏం కనిపిస్తుంది? రైతు భుజం మీది గొంగడి అడిగి, ఇంజను మీద కప్పి, తల లోపలికి దూర్చాను. చీకట్లోనూ రవ్వ లేదు. కొత్త ప్లగ్గు పెట్టి చూశాను. అదీ అంతే. తప్పు ప్లగ్గుది కాదు. మాగ్నెటో మూత తీసి, లోపల తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే రెండు బిళ్ళల మధ్య గట్టి కాగితం పెట్టి రుద్దాను. నల్లటి మురికి వచ్చింది. ఇదే అనుకున్నాను. మళ్ళీ గొంగడి కింద దూరాను. గొంగడి అంచు పట్టుకుని ఉన్న రైతు, నేనేం చూస్తున్నానో చూద్దామని తనూ తల పెట్టాడు. డాక్టరుగారు తన్నారు.

ప్లగ్గు దగ్గర ఏమీ లేదు.

"ఈడ గాదు సారూ! ఆడ మెరిసింది!" అన్నాడు రైతు.

"ఏంది? ఎక్కడ?"

"డబ్బా కింద. మిణుగురు పురుగు మెరిసినట్టు."

నా కళ్ళు ప్లగ్గునే చూస్తున్నాయి. "ఇంకోసారి తన్నండి!" అని అరిచాను. ఈసారి నేనూ చూశాను. పెట్రోలు ట్యాంకు కింద, తీగ ఇనుముని రాసుకునే చోట, నీలంగా చిటుక్కుమంది. తీగ మీది రబ్బరు అరిగిపోయి, నిప్పంతా దారిలోనే ఇనుములోకి పోతోంది!

దవాఖానాలోకి పరుగెత్తి రబ్బరు గొట్టం ముక్క కోసుకొచ్చాను. దాన్ని నిలువునా చీల్చి తీగకి తొడిగి, పైన గాయాలకి వేసే పట్టీ బిగించి చుట్టాను. ట్యాంకుకి దూరంగా తాడుతో కట్టాను. ఈసారి గొంగడి కింద దూరినప్పుడు ప్లగ్గు కొసన రవ్వ టపటపమని దూకింది. మేమిద్దరం ఒక్కసారే కేక వేశాం.

ప్లగ్గు బిగించాను. ఒక్క తన్నుకి ఇంజను గర్జించింది. అప్పుడే వచ్చిన ఎడ్లు బెదిరి పక్కకి లాగాయి. రైతు ఎన్నడూ ఎక్కని ఆ బండి వెనక ఎక్కి, డాక్టరుగారి నడుం గట్టిగా పట్టుకున్నాడు. దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయారు. ఆ రోజంతా మందులు కలుపుతూ, ఏ చప్పుడైనా బయటికి వచ్చి చూస్తూనే ఉన్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఇంజను మోత వినబడింది. చేతిలో సీసాతోనే రోడ్డు మీదికి ఉరికాను.

"ఆడపిల్ల!" అన్నారు డాక్టరుగారు బండి ఆగకముందే. "పుట్టగానే ఏడవలేదు, చాలా భయపెట్టింది. ఇప్పుడు ఇద్దరూ బాగున్నారు."

ఆ సాయంత్రం బజారులో కనబడ్డవాళ్ళందరికీ, తెలుగువాళ్ళకి తెలుగులో, కోమటి కొట్టు దగ్గరి సిపాయికి వచ్చీరాని హిందీలో, ఆ కబురు చెప్పుకుంటూ తిరిగాను.