టైపత్త గడియారం

మా మేనత్తను వీధి మొత్తం టైపత్త అంటుంది. పద్దెనిమిదో ఏట ఒక లాయరు దగ్గర టైపు మిషను ముందు కూర్చుంది, ఇప్పటికీ లేవలేదు. పెళ్లి చేసుకోలేదు. మధ్యలో మారిందల్లా మిషనే. అది పోయి, ఏదో ఆఫీసువాళ్లు వద్దనుకున్న కంప్యూటరు మా వీధిగదిలోకి వచ్చింది. తెల్లగా ఉండాల్సిన పెట్టె గారపట్టిన పళ్ల రంగుకు తిరిగింది. ఆన్ చేస్తే పిండిమర మొదలైనట్టుంటుంది.

ఆమె దగ్గరికి వచ్చేది ఎక్కువగా పరిశోధన విద్యార్థులు. కోడి కెలికినట్టున్న చేతిరాత తెచ్చి పడేసి పోతారు. అత్తయ్య టైపు చేస్తూనే వాళ్ల వాక్యాలు సరిదిద్దుతుంది. నేను కాలేజీ గడప తొక్కలేదు, నా చదువు సగం ఆ కాగితాల్లోదే. డాక్టరేట్లు మాత్రం వాళ్లకొచ్చాయి.

నిరుడు ఆమె కుడిచేతి చివరి రెండు వేళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. మెడలో నరం నలుగుతోందన్నాడు డాక్టరు. రోజుకు రెండు గంటలకు మించి కూర్చుంటే ఆ వేళ్లలో స్పర్శ పోతుందనీ, పోతే మళ్లీ రాదనీ చెప్పాడు. అత్తయ్య బుద్ధిగా తలూపింది. ఇంటికొచ్చి ఆ రోజే నాలుగు గంటలు కూర్చుంది.

చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. చివరికి కంప్యూటరుకే చెప్పాను. ఆమె తొమ్మిదికి కూర్చుంటుంది కాబట్టి, రోజూ పదకొండు కాగానే దానంతట అదే ఆగిపోయేలా పెట్టాను. ఆగాక మళ్లీ ఆన్ చేయనని మాట తీసుకున్నాను. లాయరు దగ్గర కూడా తనని ఎవరూ గంట కొట్టి ఇంటికి పంపలేదని అత్తయ్య నవ్వింది.

నేను కొరియర్ ఆఫీసులో పార్సిళ్లు వేరుచేసే పనికి పొద్దున్నే పోయి సాయంత్రం వస్తాను. వచ్చేసరికి వీధిగది మూసి ఉండేది. మూడు నెలలు నా తెలివికి నేనే మురిసిపోయాను.

మొన్న శనివారం ఒక విద్యార్థి అత్తయ్య టైపు చేసిచ్చిన కాగితాలనే ఎర్రసిరా దిద్దుబాట్లతో తిరిగి తెచ్చి మా వదిన చేతిలో పెట్టి పోయాడు. సాయంత్రం నేను చూశాను. మొదటి పది పేజీలు అద్దంలా ఉన్నాయి. అక్కణ్ణుంచి అక్షరాలు రాలిపోతూ వచ్చాయి. ఇరవయ్యో పేజీలో త లేదు, చ లేదు, ట లేదు. కీబోర్డు మీద ఆ మూడూ కుడిచేతి చివరి రెండు వేళ్లవి. అత్తయ్య తెర వైపు చూడదు, చేతిరాత చూస్తూ కొట్టుకుపోతుంది. వేళ్ల మీద ఆమెకు అంత నమ్మకం.

కంప్యూటర్లో ఆ ఫైలు తేదీ చూశాను. పదిహేనేళ్ల కిందటి జనవరి ఒకటి. మిగతా ఫైళ్లదీ అదే తేదీ. లోపల గడియారాన్ని నడిపే బిళ్ల బ్యాటరీ చచ్చిపోయింది. ప్లగ్గు పీకి పెడితే చాలు, గడియారం ఆ జనవరికి పోయి సున్నా నుంచి మొదలవుతుంది. అత్తయ్య పొద్దుగూకేదాకా కూర్చున్నా దాని లెక్కలో పదకొండు కాదు. కానీ ఆ దొంగ గడియారమే నాకు నిజం చెప్పింది. ఫైలు చివరిసారి దాచిన సమయం ఏడు గంటల నలభై నిమిషాలు. అంటే ఆ రోజు ఆమె కూర్చున్నది అంతసేపు.

అడిగితే దాచలేదు. ఒకరోజు కరెంటు పోయి వచ్చాక కంప్యూటరు పదకొండుకి ఆగలేదట. కిటుకు పట్టేసి, అప్పటినుంచి రోజూ పొద్దున్నే ప్లగ్గు పీకి పెడుతోందట. ఆగితే కదా మళ్లీ ఆన్ చేయకూడదు, అదసలు ఆగలేదు, నేను మాట తప్పలేదు అంది. లాయరు దగ్గర ఊరికే పనిచేయలేదు.

"వేళ్లు పడిపోతే ఏం చేస్తావు?" అన్నాను.

"ఇక్కణ్ణుంచి లేస్తే నన్నెక్కడ కూర్చోబెడతారో ముందు అది చెప్పరా. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో నేను టైపత్తని. రేపట్నుంచి ఉత్త అత్తని."

వీధిగదిలో కుట్టుమిషను వేసుకోవాలని వదినకు ఎప్పటినుంచో ఉంది. ఆమెనూ తప్పుపట్టలేను. మిగతా రెండు గదుల్లో మేం ఒకరినొకరు ఒరుసుకుంటూ బతుకుతున్నాం. నాకు చేతనైన పని నేను చేశాను. కొత్త బిళ్ల తెచ్చి వేసి, గడియారం సరిచేశాను.

మర్నాడు ఆదివారం. పదకొండుకి కంప్యూటరు ఆగింది. అత్తయ్య కాసేపు చేతులు కీబోర్డు మీదే ఉంచుకుని కూర్చుంది. తర్వాత లేచి వంటగదిలోకి వెళ్లింది. మీకెందుకు, కూర్చోండి అత్తయ్యగారూ అని వదిన అంటూనే ఉంది, ఈమె గుడ్డ తీసుకుని పొయ్యి మీది పాలగిన్నె పట్టుకుంది. గుడ్డ మూడు వేళ్లకే అందింది. తక్కిన రెండూ కాలే గిన్నెకు ఆనుకునే ఉన్నాయి. ఆమె తాపీగా గిన్నె దించి గట్టు మీద పెట్టింది. వదిన గబుక్కున చెయ్యి లాగి కుళాయి కింద పెట్టేదాకా ఆమెకు తెలియలేదు.

బొబ్బలెక్కుతున్న వేళ్లను అత్తయ్య ఎవరివో అన్నట్టు చూసింది. తర్వాత గుమ్మంలో నిలబడ్డ నా వైపు తిరిగింది.

"అక్కడైతే అక్షరాలే పోయేవిరా," అంది.