మా మామిడి కార్టెల్‌ను నేను పట్టిన విధం

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి లైబ్రరీ కార్డు లేదు, అందుకని పట్టలేకపోయాడు. నాకుంది. నేను పట్టాను. ఒక దొంగను కాదు, మూడు రాష్ట్రాల్లో పరుచుకున్న ముఠాను, మామిడితోటలో, పట్టపగలు, నలుగురూ చూస్తుండగా పట్టాను. ఆ ముఠాలో మా అమ్మ కూడా ఉందన్న సంగతి మాత్రం కొంచెం ఆలస్యంగా తెలిసింది.

మాది తమిళనాడులో, పాపారపట్టి పక్కన. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా ఊళ్ళో ఉన్న చుట్టాల్లో తెలుగు అక్షరాలు చదవగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే, అదీ ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నాను. అందుకు నన్ను ఎవరూ మెచ్చుకోలేదు కాబట్టి ఆ పని నేనే రోజూ చేసుకునేవాణ్ణి. కాలేజీ మెట్లెక్కలేదు గానీ, ధర్మపురి లైబ్రరీలో కిటికీ పక్కనున్న కుర్చీకి నా ఒంటి ఆకారం వచ్చేసింది.

ఆ కుర్చీలో కూర్చునే ఒకరోజు కార్టెళ్ళ మీద ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తెరిచాను. నాకంటే ముందు దాన్ని తెరిచింది పుస్తకాల పురుగు మాత్రమే.

కొంచెం ఓపిక పట్టండి, అందులో ఏముందో చెప్పకపోతే నా తెలివితక్కువతనం మీకు పూర్తిగా అందదు. ఒకే సరుకు అమ్మే వేరువేరు దేశాల కంపెనీలు పైకి పోటీ పడుతున్నట్టు నటిస్తూ, లోపల అందరూ ఒక ధర అనుకుంటారు. అదే కార్టెల్. మాట్లాడుకున్నది ఒక దేశపు హోటల్లో, కంపెనీ ఉన్నది ఇంకో దేశంలో, కొన్నవాడి జేబు చిరిగింది మూడో దేశంలో. మరి ఎవరు పట్టాలి? అందుకని నాలుగు దేశాల అధికారులు చేతులు కలిపి ఒకే పొద్దున అందరి తలుపులూ తడతారు. అంతకన్నా గొప్ప ఉపాయం ఇంకొకటుంది. ముఠాలో ముందుగా వచ్చి తప్పు ఒప్పుకున్నవాడికి శిక్ష మాఫీ. ముందొచ్చినవాడికే. ఇక చూడండి, నిన్నటిదాకా ఒకే కంచంలో తిన్నవాళ్ళు, పెళ్ళిలో మొదటి పంక్తికి ఉరికినట్టు, ఒకరినొకరు తోసుకుంటూ వచ్చి ఒప్పుకుంటారట.

ఆ పుస్తకం చదివాక నాకు లోకమంతా కార్టెళ్ళే కనబడ్డాయి. ఇద్దరు బజ్జీల బండివాళ్ళు నవ్వుకుంటూ మాట్లాడుకున్నా ఆగి వినేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే తోతాపురి మామిడికాయ కోతకొచ్చింది. మామిడిరసం సీసాల్లో పోసి అమ్మే ఒక విదేశీ కంపెనీ నుంచి ఒకావిడ తోటలు చూడటానికి వస్తోందన్నారు. ఆవిడకు నచ్చితే ఇక్కడి గుజ్జు ఫ్యాక్టరీలకు పెద్ద ఆర్డరు, ఆ ఫ్యాక్టరీలకు మా కాయ. మా అమ్మ తోటలో బోరు ఆ వేసవిలో గాలి మాత్రమే కక్కుతోంది. కాయ మంచి ధరకు పోతేనే బోరును ఇంకా లోతుకు దించడం. లేకపోతే చెట్లకు ఆకాశమే గతి.

అమ్మకు అన్న అయిన గోవిందప్ప మామ నన్ను పిలిపించాడు.

"ఏమిరా సీనా, నీ ఇంగ్లీషు సుమ్మా కండ్లతో చదివేదేనా, నోట్లోనుంచి కూడా వస్తాదా?"

"వస్తాది మామా."

"అట్లయితే ఆయమ్మ అడిగింది మాకు చెప్పు, మేము చెప్పింది ఆయమ్మకు చెప్పు. నడాన నీ సొంత సరుకు కలపొద్దు."

"కలపను మామా."

మీరు నమ్మారా? మామ కూడా నమ్మలేదు. కానీ ఇంగ్లీషు వచ్చిన మిగతా పిల్లలంతా హోసూరు ఫ్యాక్టరీల్లో డ్యూటీలో ఉన్నారు.

ఆ రోజు మామ తోటలోని షెడ్డు కిందికి అందరూ చేరారు. అమ్మేవాళ్ళ వైపు మామ, అమ్మ, కుప్పం నుంచి వచ్చిన చిన్నాయన, కర్ణాటకలో మాలూరు దగ్గర తోటలున్న నాగక్క అత్త. కొనేవాళ్ళ వైపు మూడు ఫ్యాక్టరీల ఏజెంట్లు, వాళ్ళలో పెద్దవాడు సెల్వం. మధ్యలో ఆ విదేశీ ఆవిడ. మా వాళ్ళు ఆమెను దొరసాని అనేశారు. ఏ దేశమో నేను చెప్పను. ఆవిడ మళ్ళీ ఎప్పుడైనా రావాలి కదా.

దొరసాని ముందుగా ఏజెంట్లను, మీరు ఎంతకు కొంటారని అడిగింది. ముగ్గురూ మూడు ధరలు చెప్పారు. తర్వాత మా వాళ్ళను ఒక్కొక్కరినీ, మీరు ఎంతకు అమ్ముతారని అడిగింది. మామ ఒక ధర చెప్పాడు. అమ్మ అదే చెప్పింది. కుప్పం చిన్నాయన కాసేపు ఆకాశం చూసి, వేళ్ళు మడిచి లెక్కవేసి, అదే చెప్పాడు. మాలూరు అత్త "నాకేమి తెలుసప్పా" అని మొదలుపెట్టి అదే చెప్పింది.

తర్జుమా చేస్తూ నేను పొంగిపోయాను. ఎంత నిజాయితీ గల రైతులు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోయినా నలుగురి నోటా న్యాయమైన ధర ఒకటే పలికింది.

ఇంతలో ముగ్గురు ఏజెంట్లూ టీ గ్లాసులతో పక్కకు పోయి, తలలు దగ్గరపెట్టి, గుసగుసలాడి నవ్వుకున్నారు. పుస్తకంలోని బొమ్మలకు ప్రాణమొచ్చినట్టుంది. కాయలు పోసే ప్లాస్టిక్ క్రేటు ఒకటి బోర్లించి దానిమీద ఎక్కాను.

"మేడం," అన్నాను ఇంగ్లీషులో, "ఈ తోటలో ఒక కార్టెల్ ఉంది."

దొరసాని ముఖం మారింది. నేను సెల్వం వైపు తిరిగి తమిళంలో అందుకున్నాను. "అన్నా, మీ నడాన మాట ఉంది. రసం తాగేది ఏ దేశంలో అయితే ఆ దేశపు చట్టం ఈ తోటదాకా వస్తుంది. అయితే ముందు ఒప్పుకున్నవాళ్ళకు పూర్తిగా మాఫీ."

"ఏం మాట తంబీ?"

"టీ దగ్గర ఏం మాట్లాడుకున్నారు?"

"నా గ్లాసులో ఈగ పడింది. దీన్ని ఎవరికి అంటగడదామా అని మాట్లాడుకున్నాము."

"మరి ధర సంగతి?"

"మేము ముగ్గురం మూడు ధరలు చెప్పినాము కదప్పా. ఇంగ్లీషులో చెప్పింది నువ్వే కదా."

నేనే. క్రేటు దిగిపోవడానికి అది మంచి సమయం. నేను దిగలేదు. అందరూ వినాలని అదే ఉపన్యాసం తెలుగులో మళ్ళీ మొదలుపెట్టాను. అయ్యేలోపల వెనకనుంచి అమ్మ గొంతు వినబడింది.

"సీనా, ముందు ఒప్పుకొన్నోళ్ళను ఏమీ చెయ్యరా?"

"ఏమీ చెయ్యరమ్మా. తర్వాత వచ్చినవాళ్ళకే జరిమానా."

"అట్లయితే నాది ముందు. మీ మామ చెప్పమన్న ధరే నేను చెప్పినాను."

"లచ్చుమీ, గమ్మునుండు," అన్నాడు మామ.

"నువ్వు గమ్మునుండన్నా. పిల్లోడు పుస్తకంలో చదివినాడు. బోరు పోయింది చాలదా, జరిమానా వేరే కట్టల్లా?"

"ఈవిడ ఏమంటోంది?" అని దొరసాని నన్ను అడిగింది.

కాస్త బుద్ధి ఉన్నవాడెవడైనా, "భోజనానికి లేవమంటోంది" అని ఉండేవాడు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళను మీరు చూసే ఉంటారు. ఆ లెక్కను వ్యాకరణ దోషం లేకుండా ఇంగ్లీషులో అప్పజెప్పినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇక కట్ట తెగింది. కుప్పం చిన్నాయన లేచాడు. "ఆయమ్మ ముందెట్లవుతాదిరా? నేను మనసులో ఎప్పుడో ఒప్పుకొన్నాను. నాగక్క మనవరాలికి చెవులు కుట్టిన దినం, ఆకుల ముందర కూర్చోని అందరమూ అనుకొన్నాము, ఒక్కరమూ ధర దిగకూడదని."

"అనుకొన్నది మగోళ్ళు," అంది మాలూరు అత్త. "నేను పాయసం తింటా ఉన్నాను. తలకాయ ఊపినానంటే అది పాయసం బాగుండాదని."

దూరదేశపు హోటలు అని పుస్తకంలో ఉంది. అరిటాకులు, పాయసం అని ఉంటే నేనెందుకు గుర్తుపట్టను? "మూడు రాష్ట్రాలు, మేడం," అని మూడు వేళ్ళు చూపించి, పాల్గొన్నవాళ్ళ ఊళ్ళ పేర్లు కూడా చెప్పాను.

దొరసాని పెన్ను మూసి లేచి నిలబడింది. అమ్మేవాళ్ళు ధర మీద కూడబలుక్కున్నారని తెలిస్తే ఆ చోట తమ కంపెనీవాళ్ళు ఒక్క నిమిషం కూడా కూర్చోకూడదట. లేచి వెళ్ళిపోవాలట, వెళ్ళినట్టు అందరికీ కనబడాలట. అందరికీ కనబడేలా వెళ్ళి కారెక్కింది. అచ్చం పుస్తకంలో ఉన్నట్టే చేసింది. చప్పట్లు కొట్టబోయి, మామ ముఖం చూసి చేతులు జేబులో పెట్టుకున్నాను. సెల్వం చెప్పులు చేత్తో పట్టుకొని కారు వెనకాల పరిగెత్తాడు. కారు ఆగలేదు.

దుమ్ము అణిగాక మామ నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఒక ఫ్యాక్టరీవాడు ఒక్క మాటతో వంద తోటలను ఆడిస్తాడు. వంద తోటలు కలిసి ఒక్క మాట అంటే అది నేరమా? దానికి నీ పుస్తకంలో ఏం రాసినారు?"

"అది రెండో భాగంలో ఉంటుంది మామా. దాన్ని ఎవరో తీసుకుపోయారు."

ఆర్డరు వేరే రాష్ట్రానికి పోయింది. ఏజెంట్లు అడిగిన ధరకే మా కాయ కొంత పోయింది, మిగిలింది ఇంట్లోకొచ్చింది. మామిడి తొక్కు, మామిడి ఒరుగు, మామిడి పులుసు. చివరికి మా ఎనుము కూడా మామిడి చూస్తే ముఖం తిప్పుకునేది. బోరు మరుసటి ఏటికి వాయిదా పడింది.

ఆ వారంలోనే మామ ఇంట్లో పంచాయతీ పెట్టారు. కుప్పం, మాలూరు వాళ్ళూ వచ్చారు. నాలుగు దేశాల అధికారులు కూడా ఇంత చక్కగా చేతులు కలిపి ఉండరు.

"లచ్చుమి ఒప్పుకొనింది," అన్నాడు మామ. "చిన్నాయన ఒప్పుకొన్నాడు. నాగక్క పాయసంతో సహా ఒప్పుకొనింది. ఇప్పుడు నేనూ ఒప్పుకొంటాను. అందరికీ మాఫీ. ఆ చెవులు కుట్టిన దినం పంక్తిలో రసం పోసింది ఎవురు?"

అందరూ నా వైపు చూశారు.

"మేము ధర మాట్లాడతా ఉంటే గిన్నె పట్టుకోని పక్కనే నిలబడినాడు. రెండోతూరి కూడా పోసినాడు. అక్కడ ఉండి కూడా ఇంతవరకు ఒప్పుకోనోడు వీడొక్కడే. వీడి పుస్తకం ప్రకారం జరిమానా అంతా వీడిదే."

"మామా, నేను వినలేదు. రసం మీద ధ్యాసలో ఉన్నాను."

"ముఠావాళ్ళందరూ అట్లే చెప్తారు," అంది అమ్మ.

వానలు పడేదాకా అమ్మ తోటలోని ప్రతి చెట్టుకూ ట్యాంకరు నుంచి బిందెలతో నీళ్ళు మోశాను. అప్పీలుకు పోయే వీలు ఏ దేశంలోనూ లేకపోయింది. కాబట్టి, బిందెలు మోసి భుజం మీద కాచిన, ఇంకా మానని కాయ సాక్షిగా, చదివిన పుస్తకాలన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట భూమండలంలో ఎక్కడ ఏ కార్టెల్ కనబడినా, పట్టుకునే ముందు, ఆ విందులో వడ్డించింది నేను కాదని ఒకటికి రెండుసార్లు విచారించుకుంటాను.