రెండో కంట్రోలర్

అమెరికాలో, బెంటన్‌విల్ ఆఫీసులో నా పక్క సీటులో పనిచేసిన అన్న ఒకాయన ప్రతి ఆదివారం రెండు గేమ్ కంట్రోలర్లు ఛార్జింగ్‌కి పెట్టేవాడు. ఇంట్లో ఉండేది ఆయనొక్కడే. రెండోది కూతురిది. విడాకులయ్యాక ఆ పిల్ల తల్లితో క్యారీ అనే దూరపు ఊరికి వెళ్లిపోయింది.

"మా అమ్మాయీ నేనూ ఆడిన గేమ్‌కి పార్ట్ టూ అనౌన్స్ చేసిన రోజే కాల్ చేస్తానంది తమ్ముడూ," అనేవాడు. ఆ మాట మీదే కొత్త కన్సోల్ కొన్నాడు. రెండేళ్లయినా దానికి చెప్పుకోదగ్గ గేమ్ రాలేదు.

కొత్త గేమ్‌లు ప్రకటించే షో ఉన్న రోజు లంచ్ టైంలో ఇద్దరం ఆయన కారులో కూర్చునేవాళ్లం. ఫోన్ స్టీరింగ్‌కి ఆనించి, పెరుగన్నం డబ్బా మూత తీయకుండా ఒళ్లో పెట్టుకుని చూసేవాడు. షో అయిపోయేది, ఆ గేమ్ ఊసే ఉండేది కాదు. నేను కంపెనీని తిట్టేవాణ్ణి. ఆయన మాత్రం "ఈసారీ లేదు" అని పెద్దగా ఊపిరి వదిలి, హాయిగా అన్నం తినేవాడు. ఆ హాయి నాకు అర్థమయ్యేది కాదు.

పోయిన వేసవిలో పార్ట్ టూ పేరు తెర మీద పడింది. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని చూస్తూ కూర్చున్నాడు. డబ్బా మూత తీయలేదు.

"మీరే కాల్ చెయ్యండన్నా," అన్నాను.

"కాలేజీలో బిజీగా ఉంటుందిలే."

మూడు వారాల తర్వాత వాళ్లింటికి వెళ్తే ఒక్క కంట్రోలరే ఛార్జింగ్‌లో ఉంది. నేను దాని వంక చూడటం ఆయన గమనించాడు.

"ఆ గేమ్ అనౌన్స్ కానన్ని రోజులూ బాగుండేది తమ్ముడూ," అన్నాడు. "ఇంకా అనౌన్స్ కాలేదుగా, అందుకే కాల్ చెయ్యట్లేదు అనుకునేవాణ్ణి."