ఔట్‌బాక్సులో ఉండిపోయిన పేరు

మొన్న మా ఆఫీసుకు కొత్త కంప్యూటరు వచ్చింది. అట్టపెట్టె విప్పగానే థర్మాకోలూ, కొత్త ప్లాస్టిక్కూ కలిసిన వాసన గుప్పుమంది. ఆ వాసన అందరికీ ఇష్టమే, నాకు మాత్రం పడదు. వైర్లు తగిలించి ఆన్ చేశాక మెయిల్ ప్రోగ్రాం తెరుచుకుని, ఎప్పట్లాగే ఒక ప్రశ్న అడిగింది. ఇక నుంచి మెయిళ్ళన్నిటికీ దీన్నే వాడతారా, అవునా, కాదా అని. పక్కసీటు అమ్మాయి "అవునని కొట్టుండ్రి మేడం, గంతసేపు ఏం చూస్తుండ్రు?" అంది. నా చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. పదమూడేళ్ళ కిందట ఇదే ప్రశ్నకు, ఇంకొకరి కంప్యూటరులో, క్షణం కూడా ఆలోచించకుండా అవునని కొట్టాను. ఆ కంప్యూటరు ఖాదర్ సార్‌ది. ఆయన పోయి ఏడాది కావస్తోంది.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఇనుము పోతపోసే ఫ్యాక్టరీలో మేం పనిచేశాం. గేటు పక్కనే టైమాఫీసు. కార్మికుల హాజరు, సెలవులు, షిఫ్టులు అన్నీ అక్కడే చూసేవాళ్ళం. సార్ దానికి ఇన్‌చార్జి. డిగ్రీ అవగానే చిట్కుల్ నుంచి రోజూ ఆటోలో వచ్చి ఆయన కింద పని నేర్చుకున్నాను. చేరిన మొదటివారంలోనే ఒక గేటు పాసు మీద పేరు రాసిస్తే, సార్ కళ్ళద్దాలు పైకి జరిపి చూశారు. "గీ పేరు అడిగి రాసినవా బేటా, అనుకొని రాసినవా?" అన్నారు. "అనుకొనే రాసిన సార్" అన్నాను. "పో, పొయ్యి అడిగి రా" అని పంపించారు. ఇసుక దుమ్ములో, కొలిమి వేడిలో ఆ మనిషిని వెతుక్కుంటూ ఫ్యాక్టరీ ఆ చివరిదాకా నడిచాను. ఒక్క పేరు కోసం ఇంత చాదస్తమా అని దారి పొడవునా తిట్టుకున్నాను. తీరా చూస్తే నేను రాసింది నిజంగానే తప్పు.

మెయిల్ విషయంలో సార్‌ది ఇంకో తరహా. ఆయన మెయిల్ ప్రోగ్రాంను విడిగా తెరిచేవారే కాదు. అడ్రసులన్నీ ఒక ఫైల్లో రాసి పెట్టుకున్నారు. కావలసిన అడ్రసు మీద నొక్కితే ఖాళీ ఉత్తరం దానంతటదే వచ్చేది. రెండు వేళ్ళతో టైపు చేసి, పైకి చదివి పంపించేవారు. అంతటితో ఊరుకోరు. వెంటనే ఫోను తీసి "మెయిల్ పంపిన, వచ్చిందా? జెర చూసి చెప్పుండ్రి" అని అవతలివాళ్ళ ప్రాణం తీసేవారు. నాకు నవ్వాగేది కాదు. ఒకరోజు నోరు ఊరుకోక "మెయిల్ పంపి మళ్ళా ఫోన్ ఎందుకు సార్? హెడ్డాఫీసుల నవ్వుకుంటుండ్రు" అనేశాను. సార్ ముఖం చిన్నబోయింది. "గట్లనా? నాకు తెల్వదు బేటా" అన్నారు. ఆ తర్వాత ఫోను చెయ్యడం మానేశారు. నాగరికత నేర్పినట్టు నేను తెగ సంబరపడ్డాను.

అప్పట్లో నర్సింలు అనే ఆయన మా దగ్గర కాంట్రాక్టు మీద గ్రైండింగు పని చేసేవాడు. మంచి పనిమంతుడు. ఆరేళ్ళయినా పర్మినెంటు కాలేదు. ముప్పై అయిదేళ్ళు నిండితే కంపెనీ ఇక ఎవరినీ పర్మినెంటు చెయ్యదు, ఆయనకు మరుసటి నెలలోనే నిండుతాయి. పర్మినెంటు చెయ్యడానికి ఒక్కో యూనిట్ నుంచి ఒక్క పేరు శనివారం సాయంత్రంలోగా పంపమని హెడ్డాఫీసు అడిగినప్పుడు, సార్ మేనేజరు చుట్టూ తిరిగి తిరిగి నర్సింలు పేరుకే ఒప్పించారు. ఆ వారమే మా గదిలోకి సార్ కోసం కొత్త కంప్యూటరు వచ్చింది. సార్ వాడే పాత ప్రోగ్రాం అందులో చక్కగా పనిచేస్తూనే ఉంది. నాకే అది ముసలి వాటంగా కనిపించింది. శుక్రవారం సార్ నమాజుకు వెళ్ళిన సమయంలో కొత్త ప్రోగ్రాం తెరిచాను, మెయిళ్ళన్నిటికీ దీన్నే వాడాలా అని అడిగితే అవునని కొట్టాను. వచ్చే మెయిళ్ళు వచ్చాయి, పనైపోయిందనుకున్నాను. పోయే మెయిళ్ళకు ఇంకో సెట్టింగు ఉంటుందని తెలియదు, ఒక్క మెయిలైనా పంపి చూడలేదు. చెబితే పరేషాన్ అవుతారని సార్‌కు చెప్పనూ లేదు. నా తెలివి తగలెయ్య!

శనివారం నేను సెలవు. మా అక్క కొడుకు పుట్టువెంట్రుకలకు బొంతపల్లి వీరభద్రుడి గుడికి వెళ్ళాం. ఇక్కడ సార్ ఎప్పట్లాగే హెడ్డాఫీసు అడ్రసు మీద నొక్కి, నేను పెట్టిన కొత్త ప్రోగ్రాంలో వచ్చిన ఖాళీ ఉత్తరంలో రాసి, పైకి చదువుకుని పంపించారు. ఉత్తరం తెర మీంచి మాయమైంది. బయటికొచ్చి "నీ పేరు పొయ్యింది నర్సింలు, ఇగ బేఫికర్ ఉండు" అని చెప్పారట.

ఆ పేరు ఎక్కడికీ పోలేదు. మీ యూనిట్ నుంచి ఏ పేరూ రాలేదు, జాబితా ముగిసిందని మంగళవారం హెడ్డాఫీసు నుంచి ఫోను వచ్చింది. పోని మెయిళ్ళు ఆగిపోయే ఔట్‌బాక్సు నేను తెరిచి చూస్తే, సార్ మెయిల్ అక్కడే ఉంది. ఏడుస్తూ అంతా చెప్పాను. సార్ హెడ్డాఫీసు నంబరు తిప్పారు. అప్పటికప్పుడు ఫోను మీద ఫోను చేసి బతిమాలారు, వాళ్ళు వినలేదు. మేనేజరు పిలిచి కేకలేస్తుంటే "పంపుడు మర్చిపోయిన సార్, తప్పు నాదే" అన్నారు. బయటికొచ్చి నాతో, "నీ నౌకరి ఇంకా పక్కా కాలే. నాకేమున్నది, రెండేండ్లల్ల రిటైర్ అయిత. నోరు మూస్కొని కూసో" అన్నారు. ఆయన నన్ను కసిరింది అదొక్కసారే.

కాసేపటికి నర్సింలు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "మర్చిపోయిండ్రా సార్?" అని అడిగాడు. ఆ గొంతులో కోపం లేదు, నమ్మలేకపోతున్నాడు. సార్ తల వంచుకుని "ఆఁ, మర్చిపోయిన" అన్నారు. అడిగి రాశావా, అనుకొని రాశావా అని నన్ను నిలదీసిన మనిషి! నేను రిజిస్టరు చాటున ముఖం దాచుకుని ఊరుకున్నాను. ఆ నెలాఖరుకే నర్సింలు పని మానేసి వెళ్ళిపోయాడు. సార్ వద్దన్నారు కాబట్టే నోరు విప్పలేదని ఏళ్ళ తరబడి నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. నాకు భయం వేసింది, అంతే. సార్ రిటైరయ్యాక రంజానుకు వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా షీర్ ఖుర్మా పెట్టేవారు. నర్సింలు మాట మాత్రం ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు.

సార్ పోయారన్న కబురు విని వారం రోజులు అన్నం సయించలేదు. చివరికి నర్సింలు ఎక్కడున్నాడో వాకబు చేసి రుద్రారం వెళ్ళాను. ఒక హాస్టలు గేటు దగ్గర సెక్యూరిటీ డ్రెస్సులో కూర్చుని ఉన్నాడు. మీసం నెరిసింది. "నర్సింలన్నా, సార్ నీ పేరు మర్చిపోలే. పంపిండు. నేను కంప్యూటర్ల చేసిన పనికి అది పోలే. తప్పు నాది" అన్నాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"సార్ ఎన్నిసార్లు పలకరిచ్చిండో మేడం, నేనే మొకం తిప్పుకున్న" అన్నాడు. "ఒకపారి ఇస్నాపూర్ చౌరస్తల చెయ్యి వట్టుకొని, చాయ్ తాగుదం రా నర్సింలు అన్నడు. ఇడిపిచ్చుకొని పోయిన." గేటులోంచి వస్తున్న బస్సుకు దారిచ్చి, మళ్ళీ నా దగ్గరికొచ్చాడు. "గీ మాట ఆయన బతికున్నప్పుడు జెప్తే, గా చాయ్ తాగేటోన్ని గద."