తూర్పుకి తల పెట్టిన ఎలీసమ్మ

ముందు గునపం చప్పుడు వినిపించింది. మట్టిలో దిగినప్పుడు మెత్తని దెబ్బ, రాయికి తగిలినప్పుడు చిన్న గంటలాంటి మోత, రెంటి మధ్యా ఒక మనిషి ఊపిరి. కోటబొమ్మాళి మిషను బడిలో పిల్లలకి ఎక్కాలు చెప్పిస్తున్నాను. బడి గోడకి అవతలే సమాధుల తోట. అక్కడ గునపం మోగిందంటే సంఘంలో ఎవరో పోయారని పిల్లలకి కూడా తెలుసు. ఎక్కం ఆపి నావైపు చూశారు. ఆ రోజు ఎవరూ పోలేదు.

మధ్యాహ్నం గంట కొట్టాక గోడ చుట్టి వెళ్ళాను. తోట పడమటి అంచున, ఇంకా తడి ఆరని ఒక కొత్త సమాధిలో మోకాలి లోతున నిలబడి ఉన్నాడు పరంజ్యోతి. బావులు తవ్వడం అతని వృత్తి. సంఘంలో ఎవరు పోయినా గొయ్యి తవ్వేదీ అతనే. ఇప్పుడు తవ్వుతున్నది మూడు వారాల కిందట పూడ్చిన సొంత భార్య ఎలీసమ్మ సమాధి. గట్టు మీద అతనితో బావుల పనికి వెళ్ళే గంగులు కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"సూడండి మాస్టారూ, మా బావకి మతి పోయినాది. పూడ్సిన మడిసిని తీసి తిప్పుతాడట," అన్నాడు గంగులు.

"తిప్పడమేమిటి?"

పరంజ్యోతి తలెత్తలేదు. "తల తూర్పుకి పడిపోయిందండి."

పోయినవాళ్ళని పడమటికి తల, తూర్పుకి కాళ్ళు వచ్చేలా పడుకోబెట్టడం ఆ సంఘంలో ఆచారం. కడపటి రోజున పోయినవాళ్ళని లేపడానికి ప్రభువు తూర్పునుంచి వస్తాడు. బూర మోగగానే లేచి కూర్చున్నవాళ్ళకి ఆయన ముఖం ఎదురుగా కనపడాలి. పరంజ్యోతికి అది నమ్మకమే కాదు, పనితనం కూడా. ఇరవై ఏళ్ళుగా అతను తవ్విన గోతులన్నీ ఆ ఒక్క ఉదయం కోసం వరసగా వాల్చిన మంచాల్లా ఉండేవి.

అది అరవై ఏడో సంవత్సరం. శ్రావణంలో ఊళ్ళో కలరా తిరిగింది. ఎలీసమ్మ పొద్దున మంచం ఎక్కి సాయంత్రానికి పోయింది. పెట్టె చేయించే వ్యవధి లేదు. ఈతచాపలో చుట్టి రెండు కొసలూ కట్టారు. కాళ్ళవైపు కొసని తన నీలంగీట్ల తువ్వాలుతో పరంజ్యోతే కట్టాడు. తోట గుమ్మంలో మోకాలెత్తు నీళ్ళు. మోసేవాళ్ళు చుట్టూ తిరిగి వెనక దారిన, ఎదురు దిక్కునుంచి వచ్చారు. వాన ఆగలేదు, హెల్త్ ఇన్‌స్పెక్టరు తొందరపెడుతున్నాడు. పరంజ్యోతి అలవాటుగా పడమటి వైపు, తల పట్టుకునే చోట నిలబడి చేతికందిన కొస పట్టుకుని దించాడు.

"మూడో రోజు ప్రార్థన కూడికలో, ప్రభువు మూడో రోజున లేసేడని అయ్యగారు సెప్తంటే గురుతొచ్చిందండి," అన్నాడు. "దించినప్పుడు నీలంగీట్లు నా సేతిలోనే ఉన్నాయి."

"మావోళ్ళని కాల్చి ఏట్లో కలిపేస్తాం," అన్నాడు గంగులు. "ఏ దిక్కుకి లేస్తారో అన్న బెంగే లేదు."

"మీరు లెగరు గదరా."

"లెగిసినా పనిలోకే గద బావా."

పరంజ్యోతి నవ్వాడు. నవ్వుతూనే గునపం ఎత్తాడు. అది దెబ్బ వెయ్యలేదు. గాలిలోనే కాసేపు ఉండి, మెల్లగా దిగింది. ఇన్ని గోతులు తవ్విన చేతులు ఆ లోతు దగ్గర ఆగిపోయాయి.

అంతలో చప్పుడు విని పాస్టరు జ్ఞానానందం గారూ, ఇద్దరు సంఘ పెద్దలూ వచ్చారు. కలరా గొయ్యి తెరిస్తే ఊరంతా మళ్ళీ మంచాన పడుతుందని పెద్దలు కేకలేశారు. పాస్టరు గారు ముసలివారు. గొయ్యి ఒడ్డున మట్టిలోనే కూర్చున్నారు.

"ప్రభువు సమాధిలోంచి లేచిన ఉదయం మరియమ్మ ఎటు తిరిగి ఉందయ్యా? సమాధి వైపు తిరిగి ఏడుస్తోంది. ఆయన వెనకనుంచి వచ్చాడు. పేరు పెట్టి పిలిచాడు. ఆవిడ తిరిగి చూసింది. ఆయన లేచాడు కాబట్టి మనమూ లేస్తాం. తల ఎటు పెట్టారని కాదు."

"ఆయమ్మకి సెవులున్నాయండి," అన్నాడు పరంజ్యోతి.

చిన్నప్పుడు వచ్చిన జ్వరంలో ఎలీసమ్మకి వినికిడి పోయింది. పొయ్యి దగ్గర గోడకేసి తిరిగి కూర్చున్న భార్య ఉలిక్కిపడకుండా, పరంజ్యోతి గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, ముందు తన నీడని గోడ మీదికి పంపేవాడు. ఆమె నీడని చూసి నవ్వి, అప్పుడు మనిషి కోసం తిరిగేది. పాతికేళ్ళ కాపురంలో ఆమెని అతను పేరు పెట్టి పిలిచిందే లేదు.

"అందరితోపాటే లేస్తాదండి. నమ్ముతన్నాను," అన్నాడు. "లేసి ఎదర సూస్తాది. ఉత్త పొలాలు. ఆయన ఎనకనుంచి పిలుస్తాడు. దీనికి ఇనపడదు. ఎవురూ రాలేదనుకుంటాది."

"ఆ రోజున చెవిటితనం ఉండదయ్యా. కొత్త శరీరం."

"ఆయన లేసినాక కూడా సేతుల్లో మేకుల గాయాలు అలాగే ఉన్నాయని మీరే సెప్పేరు గదండి."

పాస్టరు గారు తన చేతులు చూసుకున్నారు. తర్వాత లేచి, "పూడ్చెయ్యి నాయనా," అన్నారు. పరంజ్యోతి పూడ్చాడు. సమాధి తెరవనివ్వమని అతని కోసం నేను పై అధికారులకి రెండు అర్జీలు రాశాను. ఒకదానికి జవాబు రాలేదు. రెండోదానికి కుదరదని వచ్చింది.

మరుసటి ఏడు ఈస్టరు తెల్లవారుజామున సంఘమంతా సమాధుల మధ్య నిలబడి తూర్పుకేసి పాడుతోంది. పొలాల మీద మంచు పాలమీగడలా వణుకుతోంది. పరంజ్యోతి దూరంగా, ఎలీసమ్మ కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. అందరిలాగే అతనూ తూర్పుకే చూస్తున్నాడు. కాని అతను కనిపెట్టుకుని ఉన్నది వెలుగు కోసం కాదు.

ఆ ఉదయమే పాస్టరు గారి దగ్గరికెళ్ళి ఒకటి అడిగాడు. ఎలీసమ్మకి పడమటి పక్క, కాళ్ళ అవతల, ఒక మనిషికి సరిపడా చోటుంది. అది తనకి ఉంచమన్నాడు. అందరినీ పెట్టినట్టే తననీ పెడితే చాలు, లేచేసరికి ఇద్దరూ ఎదురెదురుగా ఉంటారు, వెనక్కి తిరగమని తనే చూపిస్తాడు. పాస్టరు గారు సరే అని అతని భుజం తట్టారు. ఆ మాట ఏ కాగితం మీదా పెట్టలేదు. ఏడాది తిరక్కుండా ఆయన వేరే ఊరి సంఘానికి వెళ్ళిపోయారు.

అరవై తొమ్మిది మాఘంలో మా ఐదో తరగతి పద్మకుమారి పచ్చకామెర్లతో పోయింది. కిటికీ పక్కన కూర్చుని పిట్టల్ని చూసే పిల్ల. ఏ మాటయినా రెండుసార్లు చెప్పాలి. తోటలో వరసలన్నీ నిండిపోయాయి. పెద్దలు చుట్టూ చూసి, ఎలీసమ్మకి పడమటి పక్కనున్న చోటు చూపించారు. పరంజ్యోతి గునపం అందుకున్నాడు. ఈసారి చేతులు ఆగలేదు. చిన్న గొయ్యి కదా, తొందరగానే అయిపోయింది.

పెట్టె దించాక, మట్టి వెయ్యబోయే ముందు, అతను గోతిలోకి వంగి పిల్ల తలవైపు ఏదో చెప్పాడు. తాడు సర్దుతున్నాడనుకున్నారు అందరూ.

నాకు అప్పటికే ఆమదాలవలస బదిలీ అయింది. మర్నాడు పొద్దున్నే బండి. ఆ తర్వాత పరంజ్యోతిని నేను చూడలేదు. పిల్లని పూడ్చిన ఆ సాయంత్రం బడి నూతి దగ్గర అతను చేతులు కడుక్కుంటుంటే నేనే నీళ్ళు పోశాను.

"ఆ చోటు నీదని చెప్పకపోయావా?" అన్నాను.

"పిల్ల తల్లి అక్కడే నిలబడి ఉన్నాది మాస్టారూ. ఏటని సెప్పను?" గోళ్ళలో మట్టి చూసుకున్నాడు. "అందుకని పిల్లకే సెప్పేను. అమ్మా, నువ్వు లేసేసరికి ఎదురుగా ఒకావిడ నీకేసి సూస్తా ఉంటాది. పిలవకు, పిలిస్తే ఇనపడదు. సెయ్యి ఊపి ఎనక్కి సూపించు అని." మళ్ళీ చేతులు నీళ్ళ కింద పెట్టి అడిగాడు. "మీ బళ్ళో అది సెప్పిన మాట ఇనేదేనా మాస్టారూ?"