టీ గ్లాసుల్లో తొలకరి

పెళ్లయి బేతంచెర్లకు వచ్చేనాటికి కొవ్వొత్తంటే నాకు కరెంటు పోయినప్పుడు వెతుక్కునే వస్తువు, అంతే. మా పుట్టిల్లు కమలాపురం దగ్గర. నాన్నకు చీనీతోట, అంటే బత్తాయి తోట ఉండేది. చెట్లు పూతకొస్తే ఆ వాసన ఇంట్లోకి కూడా వచ్చేది. అత్తగారింట్లో నాపరాతి బండల వ్యాపారం. వాకిట్లో రెండుసార్లు మల్లె అంటు నాటాను. పాలిష్ ఫ్యాక్టరీల దుమ్ము ఆకుల మీద సున్నంలా పేరుకుని రెండూ ఎండిపోయాయి.

ఊళ్లో సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే కనిపిస్తున్న రోజులు. మహిళా సంఘంలో మాకు కొవ్వొత్తులు పోయడం నేర్పారు. తెల్లవి, ఏ వాసనా లేనివి. వాటికి తోట వాసన పట్టిస్తే ఎలా ఉంటుందనిపించింది. ఇంటికొచ్చి కాగే మైనంలో దోసెడు మల్లెపూలు వేశాను. పూలు నల్లగా మాడిపోయాయి. ఇల్లంతా కమురు కంపు.

అత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. "ఏంది చేస్తాండావు? కరెంటు పోతే ముట్టించేదానికి వాసన ఎందుకమ్మా?"

ఆ కంపుకే, మేమంతా ఆపా అని పిలిచే పక్కింటి ముస్లిం అక్క కూడా పరుగెత్తుకొచ్చింది. సంగతి విని నవ్వింది. "పూలు కాదు, అత్తరు కలుపు. మా తమ్ముడు కర్నూల్లో అమ్మేది అదే కదా" అంది.

ఆ తమ్ముడు పంపిన చిన్న సీసాల్లో వేసవికి మల్లె ఉంది, వానాకాలానికి మట్టి అత్తరు ఉంది. పొయ్యి మీంచి దించి, మైనం కాస్త చల్లారాక కలిపి, టీ గ్లాసుల్లో పోశాను. మొదట వేసిన అత్తరు చాలక వాసనే రాలేదు. మళ్లీ కరిగించి, ఇంకాస్త అత్తరు వేసి పోశాను.

మండు వేసవిలో ఒక సాయంత్రం కరెంటు పోయింది. మట్టి అత్తరు కలిపినదాన్ని గూట్లో వెలిగించాను. మంచం మీద పడుకున్న అత్త దిగ్గున లేచింది.

"వాన పడిందా యాడన్నా?" అంటూ వాకిట్లోకి పోయి ఆకాశం చూసింది. ఒక్క మబ్బు లేదు. లోపలికొచ్చి గూట్లో గ్లాసు చూసి, దగ్గరగా వంగి వాసన పీల్చింది.

"శానా బాగుండాది" అంది.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని స్టేషన్ దగ్గరి ఫ్యాన్సీ షాపుకు పోయింది. ఆమె గ్లాసు తీసి గల్లాపెట్టె మీద పెట్టింది.

"ఈ ఊర్లో ఇవి ఎవురు కొంటారమ్మా?" అన్నాడు షాపతను.

"ముందు ముట్టించి సూడప్పా. తర్వాత మాట్లాడు."

అతను వెలిగించాడు. సబ్బు కొనడానికొచ్చిన లారీ డ్రైవరొకతను తలుపు దగ్గరే ఆగిపోయాడు. "ఏందన్నా ఇది, చినుకు పడినట్ల ఉండాది! నాకొకటి ఇయ్యి" అన్నాడు. మా చేతిలో ఉన్నది ఆ ఒక్కటే. అత్త దాన్ని ఆర్పి, కాగితంలో చుట్టి అతనికిచ్చేసింది.

ఆ వానాకాలమంతా అవే పోశాం. చలి మొదలవుతుండగా ఒక ఉదయం అత్త వంటింట్లోకి వచ్చి, "ఇప్పుడేం పోద్దాం?" అని అడిగింది. ఆపా గులాబీ అంది. అత్త దవనం అంది. ఇద్దరూ తెగ వాదించుకున్నారు. చివరికి రెండూ పోశాను. షాపులో దవనానివే ముందు అయిపోయాయి. అత్త ఆ సంగతి వీధిలో కనబడిన వాళ్లందరికీ చెప్పింది, ఆపాకైతే రెండుసార్లు.