బాగుందనడానికి సైగ లేదు

కరోనా వచ్చిన ఆ మొదటి ఎండాకాలం మా ఆవిడ ఊరి నుంచి రోజూ పొద్దున్నే ఫోను చేసేది.

"ఏం జేస్తున్నవ్?"

"సస్తున్న."

"గిప్పటికి ఎన్నోసారి?"

"లేచినకాంచి నాలుగోసారి."

"జర తిని సావు. ఒట్టి కడుపుతోటి సావకు."

ఆమెకు నవ్వులాటగానే ఉండేది. నేను మాత్రం సూరత్‌లో ఒంటరిగా, శ్రద్ధగా చస్తూనే ఉన్నాను. సాంచాలు, అంటే మా మరమగ్గాలు, ఆగిపోయాయి. నా ఖోలీలో, అంటే అద్దె గదిలో, నాతో ఉండే ఆరుగురూ రైలు దొరకగానే కరీంనగర్ వైపు వెళ్లిపోయారు. మగ్గాల మీద కన్నేసి ఉంచమని సేఠ్ అన్నాడని నేను ఆగాను. ఒక్కో మగ్గం ఏనుగంత బరువు. ఎవడు చంకన పెట్టుకుపోతాడని అడగాలని కూడా తోచలేదు.

ఇరవై ఏళ్లు ఆ మోతలో బతికినవాణ్ణి. నా బుర్రలో ఇన్ని ఆలోచనలు ఉన్నాయని మోత ఆగాకే తెలిసింది. తుమ్మితే ఊపిరితిత్తులు రెండూ ఊడి నేల మీద పడ్డాయనిపించేది. కూర్చున్నచోటే నా శవయాత్ర నేనే జరిపించి, రానివాళ్ల మీద అలిగేవాణ్ణి.

గల్లీ అవతల, నా కిటికీకి ఎదురుగా ఇంకో కిటికీ. అందులో పదిహేనేళ్లుగా నా పక్క సాంచాల మీద పనిచేసినవాడు ఉండేవాడు. చుట్టరికం లేకపోయినా బావా అనే పిలుచుకుంటాం. అతనికి కరోనా అంటుకుంది. తలుపుకు కాగితం అంటించి బయటికి రావద్దన్నారు. నేను రోజూ మధ్యాహ్నం అతని గుమ్మం ముందు రొట్టెల డబ్బా పెట్టి వచ్చేవాణ్ణి. సాయంత్రానికి అది పెట్టింది పెట్టినట్టే ఉండేది. అలా మూడు రోజులు.

నాలుగో రోజు కిటికీలోంచి అరిచాను. "ఎందుకు తింటలేవ్ బావా?" మగ్గాల మోత మీద పెరిగిన గొంతు నాది. ఊరవతల కామ్‌రేజ్ హైవే మీద లారీలు బ్రేకులు వేసే ఉంటాయి.

"తిని ఏం జెయ్యాలె? ఎట్లయినా పోయేదే గదా..." మిగతా మాటను దగ్గు లాక్కుపోయింది. అతను చేయి ఎత్తాడు.

ఖాతాలో, అంటే మా మగ్గాల షెడ్డులో, పక్కవాడి మాట వినబడదు. అందుకని మాకు చేతి సైగలున్నాయి. రెండు వేళ్లు కలిపి విడదీస్తే పోగు తెగినట్టు. పిడికిలి తిప్పితే బాబిన్‌లో నూలు అయిపోయినట్టు. మీసం మెలేస్తే సేఠ్ వస్తున్నట్టు. బావ అరచేతిని మెడకు అడ్డంగా పెట్టాడు. సాంచా ఆగిపోయిందని. ఆ తర్వాత వేలితో తన గుండెను చూపించాడు.

లేదు, బాగానే నడుస్తోందని చెప్పడానికి రెండు చేతులూ ఎత్తాను. ఎత్తినవి ఎత్తినట్టే ఉండిపోయాయి. ఆ మాటకు మా దగ్గర సైగ లేదు. తెగితే ఉంది, చిక్కుపడితే ఉంది, కరెంటు పోతే ఉంది. బట్ట బాగా వస్తుంటే ఎవడు ఎవడికి చెబుతాడు? ఇరవై ఏళ్లుగా మేం చేతులతో చెప్పుకున్నవన్నీ చెడ్డ వార్తలే.

ఎత్తిన చేతులు దించలేక, పెళ్లి బరాత్‌లో లాగా వేళ్లు ఆడిస్తూ నడుం తిప్పాను. నా నడుం చేసిన చప్పుడుకు గల్లీలోని పావురాలన్నీ తాపీ నది దాటిపోయాయి. బావ 'ఏంది?' అన్నట్టు చేయి తిప్పాడు. ఏదో ఒకటి చూపించాలి కదా! వెతికితే నా కిటికీ గట్టు మీద పావురం గుడ్డు కనబడింది. దాన్ని చేతులతో పుచ్చకాయంత చేసి చూపించాను. బావ పెదవి ఒక పక్కకు సాగింది.

"రేపు గింతకన్న పెద్దది చూపెడత! డబ్బ ఖాళీ జేస్తెనే!" అని అరిచాను.

ఆ సాయంత్రం ఒక రొట్టె అంచు కొరికి ఉంది. ఎలుక పనేమోనని ముందు అనుమానపడ్డాను. ఎంతైనా నా బుర్ర కదా. పళ్ల గుర్తులు చూసి, మనిషేనని తీర్పు చెప్పుకున్నాను.

ఇక రోజూ పదకొండింటికి ఒక మంచి వార్త కావాలి. లేకపోతే బావ తినడు. పొద్దున లేస్తూనే వేట మొదలు. కుళాయి చెప్పిన వేళకు వచ్చింది. పై అంతస్తు గుజరాతీ ముసలమ్మ ఎండబెట్టిన పాపడ్ ఒకటి ఎగిరి నా చేతిలో పడింది. డబ్బాలో వేసిన ధనియాలు మొలకెత్తాయి. తుమ్మును చావుగా పెంచినవాడికి మొలకను అడవిగా పెంచడం ఏమంత కష్టం?

"ఇయ్యాల సావలేదా?" అంది మా ఆవిడ ఫోనులో.

"టైం దొరుకుతలేదు."

అలాగని ఖోలీ నిండిపోలేదు. ఆరు చాపలు చుట్టగా చుట్టి గోడకు ఆనించి ఉండేవి. వాటిని చూస్తే ముద్ద దిగేది కాదు. వాటికి వీపు పెట్టి, కిటికీ వైపు తిరిగి తినేవాణ్ణి.

మూడో వారంలో డబ్బా ఖాళీగా, కడిగి మరీ తిరిగొచ్చింది. తలుపు మీది కాగితం తీసేశారు. నాలుగు రోజులకు బావ సంచి భుజాన వేసుకుని గల్లీలో నిలబడ్డాడు.

"నువ్వు గూడ రా బావా. మగ్గాలు ఏడికి పోతయ్?"

"నువ్వు పో. ఇంట్ల మంచిగ తిను."

"తింట తియ్. నువ్వు జెర గమ్మునుండు, ఊరంత ఇంటున్నది," అని, నవ్వుతూ బస్సు ఎక్కడానికి వెళ్లిపోయాడు.

మర్నాడు పదకొండు కొట్టేసరికి కిటికీ దగ్గరికి వచ్చేశాను. తొలి వాన మొదలైంది. ఒక్కో చినుకు కొబ్బరికాయంత. ఎదుటి కిటికీ మూసి ఉంది. చేతులు అప్పటికే లేచిపోయాయి కాబట్టి, చెప్పవలసిందంతా ఆ మూసిన రెక్కలకే చెప్పాను.